మనిషి లేని ఫోటో

కప్లింగ్ పగిలి మూడు వారాలైంది. పంపు పైపు చివర బిగించే అల్యూమినియం ముక్క అది, అరచేతిలో పట్టేంత. అది సరిగ్గా కూర్చుంటే రైల్‌కార్ కింద టాయిలెట్ ట్యాంకులో ఉన్నదంతా చుక్క బయటపడకుండా పిట్‌లోకి, అంటే యార్డు మురుగు గుంతలోకి, వెళ్లిపోతుంది. పగిలింది కనక వెళ్లదు. శ్రీకర్ దానికి టేపు చుట్టి చూశాడు, రబ్బరు చుట్టి చూశాడు, పాత సైకిల్ ట్యూబు కోసి బిగించాడు. పంపు ఆన్ చేస్తే ఉత్త గాలి పీల్చేది. ఆఫ్ చేస్తే పైపులోకి ఎక్కినదంతా వెనక్కి తన్ని ఆ సందులోంచి చిమ్మేది. మొహానికి ప్లాస్టిక్ షీల్డ్ ఉంటుంది. షీల్డ్ కింద మెడ ఉంటుంది, మెడకి ఏమీ ఉండదు.

"కొత్తది ఆర్డర్ పెట్టాను మేట్, వచ్చేస్తుంది," అని యార్డు సూపర్‌వైజర్ డారెన్ మూడు వారాలుగా అంటూనే ఉన్నాడు. కసరడు, తిట్టడు, ప్రతివాడినీ 'మేట్', అంటే నేస్తం, అని పిలుస్తాడు. ఎప్పుడూ నవ్వు మొహమే. ఇటువంటివాడి దగ్గర పని చేసినవాళ్లకి తెలుస్తుంది, తిట్టేవాడే నయమని.

మెల్‌బోర్న్‌కి తూర్పున గిప్స్‌లాండ్ దారిలో గంటన్నర పోతే వస్తుంది ఆ యార్డు. చిన్నది. డీజిల్ రైల్‌కార్లు వచ్చి కాసేపు ఆగి, ఆయిల్ తాగి, ఊడ్పించుకుని, కడుపు ఖాళీ చేయించుకుని తిరిగి సిటీకి పోతాయి. ఆ కడుపులు ఖాళీ చేసేది శ్రీకర్. కాంట్రాక్టు కంపెనీ కాగితాల్లో ఆ ఉద్యోగానికి 'ట్రెయిన్ ప్రెజెంటేషన్' అని పేరు. తెలుగువాళ్లు ఎవరడిగినా అతను 'రైల్‌కార్ మెయింటెనెన్స్' అని చెప్పేవాడు. అడిగినవాళ్లు 'ఓహో టెక్నీషియనా' అనుకునేవాళ్లు. అతను కాదనేవాడు కాదు.

ఇంత కంపులోనూ అతనికి ఆ బళ్లంటే ఇష్టం. ముందు ఇంజను ఉండదు. మనుషులు కూర్చునే పెట్టె నేల కిందే ఇంజను ఉంటుంది, పెట్టె దానంతట అదే బయల్దేరుతుంది. చల్లటి పొద్దున స్టార్ట్ చేసినప్పుడు ఒక్కో పెట్టె ఒక్కో రకంగా దగ్గుతుంది. ఏ పెట్టె ఇంజను నలతగా ఉందో శ్రీకర్ కళ్లు మూసుకుని చెప్పగలడు. చివరి స్టేషన్లో డ్రైవరు బ్యాగు భుజాన వేసుకుని, తాళంచెవి పట్టుకుని ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచి వెళ్లి కూర్చుంటే అదే ముందు అయిపోతుంది. ఆ నడక కోసం అతను డ్రైవర్ ట్రెయినింగ్‌కి అప్లై చేశాడు. పరీక్ష అయింది, మెడికల్ అయింది. వచ్చే నెల పదకొండున ఇంటర్వ్యూ. ముప్పై ఒక్కేళ్ల జీవితంలో అంతగా కోరుకున్నది ఇంకోటి లేదు. రిఫరెన్స్ ఇవ్వాల్సింది మాత్రం డారెన్.

బుధవారం మూడున్నరకి అయిదో లైన్లో మూడు పెట్టెల బండి ఆగి ఉంది. నాలుగు పదికి అది బయల్దేరాలి. శ్రీకర్ బకెట్లతో మోస్తున్నాడు. డ్రెయిన్ వాల్వు కింద ఇరవై లీటర్ల బకెట్ పెట్టడం, నిండగానే వాల్వు కట్టేయడం, ఎనభై అడుగులు నడిచి పిట్‌లో పోయడం, మళ్లీ రావడం. ఒక ట్యాంకుకి గంట పైనే పడుతుంది. తొమ్మిదో బకెట్‌కి డారెన్ వచ్చి వాచీ చూసుకున్నాడు.

"బకెట్లు చాలు మేట్. టైమ్ లేదు. నువ్వు అటు రోడ్డు వైపు చూడు."

శ్రీకర్ నిలబడి చూశాడు. కంచె, కంచె అవతల కంకర రోడ్డు, దాని పక్కన వాన నీళ్ల కాలువ, యూకలిప్టస్ చెట్లు. ఎవరూ లేరు. చెయ్యెత్తాడు. వెనక డారెన్ వంగి వాల్వు పూర్తిగా తిప్పేశాడు.

నీలం మందు కలిసిన నల్లటి మురుగు కంకర రాళ్ల మీద పడి, రాళ్ల సందుల్లోంచి కాలువ వైపు దారి చేసుకుంది. టిష్యూ ముద్దలు, ఎవరో పడేసిన పసిపిల్లల డైపర్ ముక్క, ఇంకా పేరు పెట్టలేనివి. ఎన్నేళ్లు చేసినా ఆ వాసనకి ముక్కు అలవాటు పడుతుంది గానీ గొంతు పడదు. శ్రీకర్ ఉమ్మి మింగకుండా నిలబడ్డాడు. నాలుగు నిమిషాల్లో ట్యాంకు ఖాళీ. డారెన్ చేతులు తుడుచుకుని, "షీట్ మీద సంతకం పొద్దున్నే పెట్టేశావుగా?" అన్నాడు. పెట్టేశాడు. షిఫ్టు మొదట్లోనే అన్ని బళ్లకీ 'పిట్‌లో ఖాళీ చేయబడినది' అని సంతకాలు పెట్టించుకోవడం డారెన్ పద్ధతి.

బండి నాలుగు పదికి ఠంచనుగా వెళ్లిపోయింది. అప్పుడు వినిపించింది పైనుంచి.

"శ్రీకర్ బాబూ! ఇక్కడ, ఇక్కడ! పైకి చూడు!"

పట్టాల మీదుగా కట్టిన నడక వంతెన మీద డాక్టర్ ద్వారకానాథ్ నిలబడి ఉన్నాడు. పక్కన మూడు కాళ్ల స్టాండు, దాని మీద కెమెరా. శ్రీకర్ రోడ్డంతా చూశాడు గానీ తల ఎత్తి వంతెన చూడలేదు.

డాక్టరుగారిది తెనాలి వైపు. మెల్‌బోర్న్ వచ్చి ముప్పై నాలుగేళ్లు. పెద్దపేగులో గొట్టం దింపి చూసే స్పెషలిస్టు. వారానికి నాలుగు రోజులు అదే పని, మిగతా రోజులు రైల్‌కార్ల వెంట తిరగడం. తెలుగువాళ్ల పిక్నిక్‌లో శ్రీకర్ 'రైల్‌కార్ మెయింటెనెన్స్' అనగానే భుజం మీద చెయ్యి వేసి, అప్పట్నుంచి ఎక్కడ కనిపించినా 'మా రైల్వే అబ్బాయి' అని పరిచయం చేస్తున్నాడు. ఆయన గబగబా మెట్లు దిగి కంచె దగ్గరికి వచ్చాడు.

"రెండు గంటల నుంచీ పైనే ఉన్నా బాబూ. ఆ లైట్ చూశావా? నాలుగో లైన్లో మన పాత సుందరి మీద ఎలా పడిందో చూశావా?"

అయిదో లైను పక్కనే, నాలుగో లైన్లో, యాభైల నాటి ఒంటి పెట్టె రైల్‌కార్ నిలబడి ఉంది. గుండ్రటి ముక్కు, ఎర్ర రంగు మీద పసుపు చార. దాన్ని బాగుచేసి నడుపుకునే పాతబళ్ల క్లబ్బువాళ్లు సోమవారం టూర్ కోసం తెచ్చి పెట్టుకున్నారు.

"పైనుంచి అన్నీ కనిపిస్తయా అంకుల్?" అన్నాడు శ్రీకర్.

"అన్నీ! రూఫ్ మీద ఎగ్జాస్ట్ పైపులు చూశావూ, రెండు, అచ్చం చెవుల్లా. Just gorgeous. అసలు దీని గొప్పతనం ఏంటంటే ఇది రైలూ కాదు, బస్సూ కాదు. ఎవరూ లాగక్కర్లేదు, ఎవరూ తొయ్యక్కర్లేదు. Self-respect ఉన్న బండి బాబూ!" ఆయన రొమ్ము నిండా గాలి పీల్చాడు. "ఇక్కడ గాలి కూడా ఎంత బావుందో! సిటీలో ఎక్కడ దొరుకుతుంది?"

శ్రీకర్‌కి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అయిదు గజాల అవతల రాళ్ల మీద ఇంకా తడి ఆరలేదు.

*

గురువారం మధ్యాహ్నానికి ఈమెయిల్ వచ్చింది. కాలువ పక్కన కుక్కని తిప్పుకుంటున్న ఒకావిడ నీళ్లలో చూడకూడనిది చూసి కౌన్సిల్‌కి ఫోన్ చేసిందట. కౌన్సిల్ నుంచి రైల్వే హెడ్డాఫీసుకి, అక్కడి నుంచి కాంట్రాక్టు కంపెనీకి. 'అయిదో లైన్లోని బండిని పిట్‌లోకి కాకుండా బహిరంగంగా ఖాళీ చేసినట్టు తెలుస్తోంది. షీట్ మీద సంతకం మీది. సోమవారం ఉదయం తొమ్మిదికి విచారణకి హాజరు కావాలి.' డారెన్ తను ఆ సమయానికి ఆఫీసులో ఉన్నట్టు అప్పటికే రాసి ఇచ్చేశాడు. ఇచ్చేసి, శ్రీకర్‌కి కాఫీ కూడా తెచ్చి ఇచ్చాడు.

"పొరపాటున వాల్వు వదులైందని చెప్పు మేట్. వార్నింగ్‌తో పోతుంది. నీ రిఫరెన్స్ గురించి ఆలోచించకు, నేనున్నాను."

కాఫీ పుచ్చుకోవడం ఎందుకు పుచ్చుకున్నాడో శ్రీకర్‌కే తెలియలేదు. తాగాడు కూడా. ఇంటికొచ్చి అందుకే తనని తాను ఎక్కువ తిట్టుకున్నాడు.

క్లైడ్ నార్త్‌లో వాళ్లుండేది ఇంకో కుటుంబంతో కలిసి తీసుకున్న అద్దె ఇల్లు. గరాజ్ పక్క గది వీళ్లది. భార్య చైత్ర వృద్ధాశ్రమంలో మార్నింగ్ షిఫ్టు ముగించుకుని వచ్చి, యూనిఫాం విప్పకుండానే మంచం మీద కూర్చుని ఈమెయిల్ రెండుసార్లు చదివింది.

"వాడు తిప్పిండా, నువ్వు తిప్పినవా?"

"వాడే తిప్పిండు. నేను అటు తిరిగి నిలబడ్డ."

"మరి గదే చెప్పు."

"ఎవడు నమ్ముతడు? సంతకం నాది. వార్నింగ్ అంటడు గానీ, ఫైల్‌ల అది ఉంటే ఇంటర్వ్యూ క్యాన్సిలే. డ్రైవర్ అయ్యేటోని మీద ఒక్క సేఫ్టీ కేసు ఉండొద్దు."

చైత్ర ఆలోచించింది. "చూసినోళ్లు ఎవరూ లేరా?"

"ద్వారకానాథ్ అంకుల్ వంతెన మీద ఉన్నడు. రెండు గంటలు ఫోటోలు తీసిండంట."

"ఇంకేంది మరి! పోయి అడుగు. ఎట్లాగూ రైల్వే అబ్బాయి, రైల్వే అబ్బాయి అనుకుంట తిరుగుతడు కదా." ఆమె లేచి జడ విప్పుకుంటూ ఆగింది. "కానీ ఆయనకు నువ్వు చేసే పని చెప్పాల్సి వస్తది."

శ్రీకర్ బూట్ల లేసులు విప్పుతూ కూర్చున్నాడు.

"గిండ్ల సిగ్గెందుకో నాకు అర్థం కాదు. నేను ముసలోళ్లవి కడుగుతా అని అందరికీ చెప్తలేనా? నాకేమన్న రాలిపోయిందా?"

*

శనివారం సాయంత్రం గ్లెన్ వేవర్లీలో డాక్టరుగారింట్లో హాలు నిండా రైళ్లే. గోడల మీద ఫ్రేములు, అలమరలో బొమ్మ రైల్‌కార్లు. ఆయన భార్య విద్యావతి ఆంటీ స్టీలు ప్లేటులో నాలుగు గారెలు, అల్లప్పచ్చడి పెట్టి ఇచ్చింది. "మొహమాటపడకు నాయనా, ఇంకా వేస్తున్నా," అంది. శ్రీకర్ రెండు తినేలోగా డాక్టరుగారు టీవీ మీద ఫోటో పెట్టేశాడు.

నాలుగో లైన్లో ఎర్ర రైల్‌కార్. పసుపు చార మీద సాయంత్రపు ఎండ. పక్క లైన్లో మూడు పెట్టెల బండి. మధ్యలో కంకర రాళ్లు శుభ్రంగా, ఆరిపోయి, పొడిగా. ఎక్కడా మనిషి లేడు.

"క్లీన్ షాట్ అంటే ఇదీ! మా గ్రూప్‌లో నాలుగొందల లైకులు. ఈ yellow vest-ల వాళ్లతో ఎంత nuisance తెలుసా బాబూ? లైట్ perfect-గా ఉన్న నిమిషంలోనే ఫ్రేమ్‌లోకి వస్తారు. ఇదివరకైతే గంటలు గంటలు waiting. ఇప్పుడు వేలితో గీస్తే చాలు, మాయం. వెనక రాళ్లు కూడా అదే గీసి పెడుతుంది. చూడు, before, after."

వేలు కదిపాడు. బిఫోర్ వచ్చింది. రైల్‌కార్ అదే, ఎండ అదే. మూడు పెట్టెల బండి కింద డారెన్ నడుం వంచి వాల్వు మీద చెయ్యేసి ఉన్నాడు. అతని బూట్ల పక్కనుంచి నల్లటి చార కాలువ దాకా పాకింది. కొంచెం ఇవతల, పసుపు చొక్కా వేసుకుని ఇంకో మనిషి. వేలు మళ్లీ కదిలింది. ఆఫ్టర్. ఎవరూ లేరు, ఏమీ పారలేదు.

"అంకుల్! ఆ ముందుది ఆపండి." శ్రీకర్ లేచి నిలబడ్డాడు. "అది నాకు కావాలె. నా ఉద్యోగం దాని మీదనే ఉంది."

అన్నీ చెప్పాడు. కప్లింగ్ దగ్గర్నుంచి సంతకం దాకా, పదకొండో తారీఖు ఇంటర్వ్యూ దాకా. డాక్టరుగారు ఆ ఫోటోని పెద్దది చేసి, పసుపు చొక్కా మనిషి చేతులు చూశాడు.

"ఈ మోచేతుల దాకా గ్లోవ్స్ ఏంటి బాబూ? నువ్వు టెక్నీషియన్‌వి కదూ?"

"కాదంకుల్. టాయిలెట్ ట్యాంకులు ఖాళీ చేస్తా. ఆరేళ్ల నుంచి అదే పని."

డాక్టరుగారి చూపు శ్రీకర్ చేతుల మీదికి వెళ్లింది, చేతుల కింద సోఫా మీదికి వెళ్లింది, ప్లేటు మీదికి వెళ్లింది. విద్యావతి ఆంటీ వచ్చి సగం తిన్న ప్లేటు తీసుకెళ్లింది. రెండో వాయి గారెలు పేపర్ ప్లేటులో వచ్చాయి. డాక్టరుగారికి స్టీలు గ్లాసులో కాఫీ, శ్రీకర్‌కి పేపర్ కప్పులో. వంటింటి గట్టు మీద ఇందాకటి స్టీలు ప్లేటు మిగతా గిన్నెలకి దూరంగా, విడిగా పెట్టి ఉండడం శ్రీకర్ కూర్చున్న చోటికి కనిపిస్తోంది.

ముప్పై నాలుగేళ్లుగా మనుషుల పేగుల్లోకి చూసిన కళ్లు అవి. ఆ కళ్లే తన చేతుల్ని చూసి అసహ్యించుకుంటున్నాయి. శ్రీకర్ తనకి సిగ్గు వస్తుందనుకున్నాడు, రాలేదు. అసహ్యం వచ్చింది. ఏ ట్యాంకు దగ్గరా రానంతగా వచ్చింది.

"Look, శ్రీకర్." బాబూ పోయింది. "డారెన్ నాకు బాగా తెలుసు. Decent fellow. ఏ కొత్త బండి వచ్చినా ముందు నాకే మెసేజ్ పెడతాడు. సోమవారం టూర్‌కి ముందు పాత బండిని నాలుగో లైను నుంచి ప్లాట్‌ఫాం దాకా తెస్తారు కదా, అప్పుడు నన్ను డ్రైవర్ క్యాబ్‌లో కూర్చోబెడతానన్నాడు."

"అది రెండొందల మీటర్లు అంకుల్."

"నీకు అర్థం కాదులే. నలభై ఏళ్ల కల." ఆయన గొంతు నిజంగానే వణికింది. అదే ఇంకా రోత పుట్టించింది. "నువ్వు వార్నింగ్ తీసుకో. వచ్చే ఏడాది మళ్లీ అప్లై చెయ్యి. చిన్నవాడివి. నన్ను ఈ drainage గొడవల్లోకి లాగొద్దు."

"ఒక్క ఫోటో అంకుల్. మీ పేరు చెప్పను."

డాక్టరుగారు ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు. టీవీ మీద బిఫోర్ ఫోటో చిన్నదై, మూలకి జరిగి, పోయింది.

"ఇదిగో, delete చేశాను. లేని ఫోటో గురించి నీకూ టెన్షన్ లేదు, నాకూ లేదు," అని మంచి పని చేసినవాడిలా నవ్వాడు. "కాఫీ తాగు, చల్లారిపోతుంది."

శ్రీకర్ తాగలేదు. గుమ్మం దగ్గర బూట్లు వేసుకుంటుంటే ఆంటీ వచ్చి నిలబడింది. ఏదో అనబోయి, "జాగ్రత్తగా వెళ్లు నాయనా," అని మాత్రం అంది.

*

ఆదివారం పొద్దున పదిన్నరకి ఆంటీ నుంచి వాట్సాప్ వచ్చింది. ముందు ఫోటో. దాని కింద, 'అంకుల్ ఫోటోల అకౌంట్ నా పేరు మీదే ఉంది. చెత్తబుట్టలోంచి తీశాను. ప్లేటు సంగతి మనసులో పెట్టుకోకు నాయనా. ఎందుకలా చేశానో నాకే తెలీదు.'

శ్రీకర్ ఆ మెసేజ్‌కి రెండు చేతులూ జోడించిన బొమ్మ పెట్టి, వెంటనే తీసేశాడు. క్షమించానని అనుకుంటుందేమో అనిపించింది. ఒట్టి 'థాంక్యూ ఆంటీ' అని రాశాడు.

చైత్ర పెరట్లో బట్టలు ఆరేస్తోంది. అతను మెట్టు మీద కూర్చుని ఫోటో పెద్దది చేశాడు. డారెన్ మొహం స్పష్టంగా ఉంది. టోపీ మీద కంపెనీ పేరు కూడా చదవొచ్చు. వాల్వు, చెయ్యి, పారుతున్నది, అన్నీ ఉన్నాయి. బతికిపోయాననుకున్నాడు. తర్వాత వేళ్లతో ఫోటోని పక్కకి జరిపి తనని చూసుకున్నాడు.

అటు తిరిగి నిలబడ్డానని చైత్రకి చెప్పాడు. నాలుగు రోజులుగా తనకి తాను కూడా అదే చెప్పుకుంటున్నాడు. ఫోటోలో ఉన్నవాడు అటు తిరిగి ఊరికే నిలబడలేదు. మెడ చాపి రోడ్డు ఆ చివర నుంచి ఈ చివర దాకా కాపలా కాస్తున్నాడు. కుడి చెయ్యి పైకెత్తి ఉంది, బొటనవేలు లేచి ఉంది. ఎవరూ లేరు, కానివ్వు అంటున్నాడు. ఇది చూసినవాళ్లెవరైనా దొంగ ఎవడు, దొంగకి తోడెవడు అని అడగక్కర్లేదు.

ఫోన్‌లో కింద చెరిపే రబ్బరు గుర్తు ఉంది. దాని మీద నొక్కి, తన చుట్టూ వేలితో గీశాడు. ఒక్క క్షణం మెరిసింది. పసుపు చొక్కా పోయింది, ఎత్తిన చెయ్యి పోయింది, నీడ కూడా పోయింది. వాటి చోట్లో రాళ్లు వచ్చాయి, నిజం రాళ్లకంటే ఒద్దికగా. ఇప్పుడు అయిదో లైన్లో డారెన్ ఒక్కడే ఉన్నాడు. పదకొండో తారీఖు ఉంది. తాళంచెవి పట్టుకుని నడిచే నడక ఉంది.

చైత్ర తడిచేతులు నైటీకి తుడుచుకుంటూ వచ్చి అతని భుజం మీదుగా తొంగి చూసింది.

"మంచిగొచ్చింది. వాడి మొకం సాఫ్ కనపడుతుంది." కాస్త వంగింది. "నువ్వేడున్నవ్ ఇండ్ల?"

అతను ఫోన్‌ని కాస్త పక్కకి తిప్పాడు.

"శ్రీకర్, నువ్వేడ పోయినవ్?"

అతను వెనక్కి నొక్కాడు. చెయ్యెత్తిన మనిషి మళ్లీ వచ్చి నిలబడ్డాడు. చైత్ర చాలాసేపు చూసింది. బొటనవేలు దగ్గర ఆగింది. ఆమె మొహంలో కోపం ఉంటే బావుండేది.

"మొదటిసారా ఇది?" అంది.

"కాదు."

ఆమె మిగిలిన బట్టలు ఆరేయడానికి వెళ్లిపోయింది. క్లిప్పులు ఒక్కొక్కటీ టకటక పెడుతున్న చప్పుడు అతనికి వినిపిస్తూనే ఉంది. నిన్న పేపర్ ప్లేటు చూసి పుట్టిన అసహ్యం ఎంత సులువుగా పుట్టిందో, ఎంత కమ్మగా ఉండిందో అతనికి గుర్తొచ్చింది. ఇవాళ్టిది అలా లేదు. దీన్ని ఎవరి మీదా ఉమ్మడానికి లేదు.

*

హెడ్డాఫీసు నుంచి వచ్చినావిడ పేరు ఫియోనా. యాభై ఏళ్లుంటాయి. ఆమె ముందు లాప్‌టాప్, పక్కన కాంట్రాక్టు కంపెనీ మనిషి, గోడ వారగా డారెన్. తొమ్మిదయింది. కిటికీలోంచి నాలుగో లైను కనిపిస్తోంది. క్లబ్బు ముసలివాళ్లు ఎర్ర రైల్‌కార్ అద్దాలు తుడుస్తున్నారు. కంచె అవతల డాక్టరుగారు కొత్త టోపీ పెట్టుకుని, ఎప్పుడు పిలుస్తారా అని డారెన్ కోసం చూస్తున్నాడు.

"వాల్వు వదులైందంటారా?" అని అడిగింది ఫియోనా.

శ్రీకర్ ఫోన్ బల్ల మీద పెట్టి ఆమె వైపు తిప్పాడు. ఆమె చూసి, చదువుకునే కళ్లజోడు పెట్టుకుని మళ్లీ చూసింది. కంపెనీ మనిషి కూడా వంగాడు. డారెన్ ముందుకు రాలేదు. అతని మొహం మీద నవ్వు ఇంకా ఉంది, దాన్ని తీసేయడం మర్చిపోయినట్టుంది.

"ఇది డారెన్," అంది ఆమె. "ఇది?"

"నేను."

"ఏం చేస్తున్నారు మీరు?"

"ఎవరైనా వస్తున్నారేమో చూస్తున్నాను. ఎవరూ లేరని చెయ్యెత్తాను."

ఆమె టైపు చేస్తున్నది ఆపింది. "శ్రీకర్, మీరు డ్రైవర్ ట్రెయినింగ్‌కి అప్లై చేసినట్టు నా దగ్గర ఉంది. మీరు ఇప్పుడు చెప్పేది అక్కడికి కూడా వెళ్తుంది. కావాలంటే యూనియన్ మనిషిని పిలిపించుకుని ఆ తర్వాత మాట్లాడొచ్చు."

"తెలుసు. ఇప్పుడే చెప్తాను," అన్నాడు. "కప్లింగ్ పగిలిన దగ్గర్నుంచి అయిదుసార్లు ఇలా వదిలాం. మూడుసార్లు డారెన్ తిప్పాడు. రెండుసార్లు నేను తిప్పాను."

"వీడు అబద్ధం చెబుతున్నాడు," అన్నాడు డారెన్. మేట్ అనలేదు.

"చోట్లు చూపించగలరా?" అని అడిగింది ఫియోనా.

పదిన్నరకల్లా నాలుగు, అయిదు లైన్ల చుట్టూ పసుపు టేపు కట్టేశారు. తెల్లటి సూట్లలో ఇద్దరు మనుషులు సీసాలూ, పారలూ దించుకున్నారు. క్లబ్బు ముసలాయన ఒకడు అద్దాలు తుడిచిన గుడ్డని చేతిలో నలుపుతూ, టూర్ లేదట అని మిగతావాళ్లకి చెబుతున్నాడు. శ్రీకర్‌ని రేపట్నుంచి డ్యూటీకి రావద్దన్నారు, డారెన్‌ని అప్పుడే ఇంటికి పంపేశారు. ఇంటర్వ్యూ సంగతి ఎవరూ చెప్పలేదు, అతనూ అడగలేదు.

"శ్రీకర్! ఏయ్, శ్రీకర్!" డాక్టరుగారు కంచె పట్టుకుని పిలుస్తున్నాడు. "డారెన్ ఫోన్ ఎత్తట్లేదు. ఈ టేపులేంటి? మా బండిని కదలనివ్వరా ఇవాళ?"

"కదలనియ్యరు అంకుల్. నేనే ఆపించిన."

"నువ్వా? Are you mad? ఎందుకూ?"

"దాని కింద పియ్యి ఉంది అంకుల్."

డాక్టరుగారు ఆ మాటకి చెంపమీద కొట్టినట్టు వెనక్కి జరిగాడు. టేపు వైపు చూశాడు, ఎర్ర రైల్‌కార్ వైపు చూశాడు, చక్రాల కిందికి చూశాడు. బుధవారం నుంచి చూస్తున్న చోటే అది. చెయ్యి నెమ్మదిగా ముక్కు మీదికి వెళ్లింది.

ఫియోనా బూట్ల మీద ప్లాస్టిక్ తొడుగులు వేసుకుని, చేతిలో నంబర్లు వేసిన చిన్న జెండాలతో నిలబడి ఉంది. శ్రీకర్ టేపు ఎత్తి ఆమెతో లోపలికి నడిచాడు. పట్టా పక్కన మొదటి చోట ఆగాడు. రాళ్లు అక్కడ కాస్త నల్లగా ఉన్నాయి.

"ఇది డారెన్," అన్నాడు. ఆమె జెండా గుచ్చింది. పది అడుగులు నడిచారు. "ఇది కూడా." ఇంకో జెండా. బుధవారంది మూడోది. తర్వాత అతను ఎర్ర రైల్‌కార్ వెనక వైపుకి, కాలువకి మరీ దగ్గరగా ఉన్న చోటికి తీసుకెళ్లాడు. అక్కడ గడ్డి మాడిపోయి ఉంది. ఇక్కడ వదిలారని తనకీ డారెన్‌కీ తప్ప ఎవరికీ తెలియదు. ఫోటో లేదు, ఫిర్యాదు లేదు.

ఆమె జెండా పట్టుకుని ఎదురుచూస్తోంది.

"ఇది నేను," అన్నాడు శ్రీకర్.